టేకు కూపు రాసేముందు కర్బనం లెక్క

వర్కింగ్ ప్లాన్ పనికి కొత్తగా వచ్చిన అధికారుల్ని కర్బనం లెక్క ఎక్కడ రాశారని అడిగితే, ఎక్కువమంది చివరి అధ్యాయం తిప్పి చూపిస్తారు. పదేళ్లలో ఏ కంపార్ట్‌మెంటు ఎప్పుడు కొట్టాలో ఖరారయ్యాక వేసే లెక్క అది. అప్పటికి మార్చడానికి ఏమీ మిగలదు. 1996 డిసెంబరు 12 నాటి సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత, ఆమోదం పొందిన ప్లాన్ లేకుండా అడవిలో చెట్టు కొట్టే వీల్లేదు. అందుకే ప్లాన్‌లో మీరు రాసే ప్రతి అంకెకూ బరువుంటుంది. కర్బనం మాట రోటేషన్ వయసు తేల్చే రోజునే రావాలి.

ముందు చేతి లెక్క ఒకటి గుర్తుంచుకోండి. ఒక ఘనపు మీటరు టేకు ఎండు బరువు సుమారు 600 కిలోలు. అందులో కర్బనం 47 శాతం, అంటే 280 కిలోల పైచిలుకు. దాన్ని 3.67తో హెచ్చిస్తే దాదాపు ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్. కూపులో నిలబడి దుంగలు చూస్తూ కూడా వేసుకోగలిగిన లెక్క ఇది.

ఇక రోటేషన్. ఏటా పెరిగే సగటు ఘనపరిమాణం గరిష్ఠానికి చేరిన వయసులో కొడితే కలప ఎక్కువ వస్తుంది. ఆ వయసు దాటాక కూడా చెట్టు పెరుగుతూనే ఉంటుంది, కాకపోతే వేగం తగ్గుతుంది. ఇంకో పదేళ్లు ఆపితే ఏటికి వచ్చే కలప కాస్త తగ్గినా, తోటలో నిలిచి ఉండే సగటు కర్బనం పెరుగుతుంది. దుంగ లావెక్కితే టేకు డిపోలో ఘనపు మీటరు ధర కూడా పెరుగుతుంది. ఇక్కడ 'సగటు' అన్న మాట మరవొద్దు. నరికే ముందురోజు ఉన్న నిల్వ చూపించి మురిసిపోయే నివేదికలున్నాయి. తోట ఏటా ఒకే తీరున పెరిగిందనుకుంటే, రోటేషన్ మొత్తంలో సగటు నిల్వ అందులో సగమే.

అలాగని అన్ని కంపార్ట్‌మెంట్లకూ పదేళ్లు కలిపేయకండి. లోతైన నేలలో ఆపితే ఫలితం ఉంటుంది. రాతినేలలో ఎదుగుదల ఆగిపోయిన తోటను ఆపితే దొంగలకు, మంటకు కాపలా కాయడమే మిగులుతుంది. వాగుల ఒడ్లు, నిటారు వాలులైతే నరుకుడు జాబితాలోంచి మొదటే తీసేయండి. అక్కడ వాదనే అక్కర్లేదు.

కర్బనం పేరు చెప్పి థిన్నింగ్ మానేసేవాళ్లున్నారు. టేకుకు వెలుతురు కావాలి. కిక్కిరిస్తే అన్నీ కర్రలుగానే మిగిలిపోతాయి, దూలానికి పనికొచ్చేది ఒక్కటీ తయారవదు.

కలప ఎటు పోతుందో కూడా చూడాలి. అంతర్జాతీయ లెక్కల్లో కోసిన కలపలోని కర్బనం సగానికి తగ్గడానికి 35 ఏళ్లు, కాగితంలోదానికి 2 ఏళ్లు పడుతుందని తీసుకుంటారు. ద్వారబంధమైన టేకు దశాబ్దాలపాటు కర్బనాన్ని ఇంట్లో దాచిపెడుతుంది. గుజ్జుకు వెళ్లే యూకలిప్టస్‌లో అది అంతకాలం నిలవదు. కాబట్టి గుజ్జు తోటల్లో చూసుకోవాల్సింది నేలలోనూ వేళ్లలోనూ ఉన్న నిల్వను. పిలకలు బాగా వచ్చే చోట మోళ్లు పెళ్లగించి, మళ్లీ లోతుగా దున్నించాలన్న తొందర వద్దు.

నరుకుడు పూర్తిగా ఆపేస్తే పోదా అని కొందరంటారు. ఇళ్లకు కలప కావాల్సిందే. ఇక్కడ ఆపితే మయన్మార్ నుంచో ఆఫ్రికా నుంచో వస్తుంది, గొడ్డలి దెబ్బ మన కంటికి కనబడదంతే.

ఫైర్ లైన్ల ఖర్చులో మాత్రం కోత పెట్టొద్దు. వేసవి తొలినాళ్లకే టేకు ఆకంతా రాలి నేల మీద పరుపులా పడి ఉంటుంది. ఒక్క అగ్గిపుల్ల చాలు, ఆ పరుపుతోపాటు మొలకలూ పోతాయి.

శాశ్వత నమూనా ప్లాట్లలో చుట్టుకొలత 1.37 మీటర్ల ఎత్తులో తీస్తాం కదా, ఆ గీత దగ్గర పెయింట్‌తో పట్టీ వేయించండి, వాలు మీదైతే ఎగువ వైపు నుంచి కొలవండి. పదేళ్ల తర్వాత వచ్చే అధికారి టేపు అదే చోట పడాలి. లేదంటే చెట్టు పెరిగిందో, కొలిచిన చోటు మారిందో ఆయనకు తెలిసే దారి ఉండదు.