ఎదిగిన చెట్టుకూ దాహమున్నది



దేవాలయంలో స్థలవృక్షానికి ప్రదక్షిణ చేసి, దాని పాదులో చెంబెడు నీళ్లు పోయడం మనకు అలవాటైన ఆచారం. ఆ చెట్టు ఆ నీటి మీదనే బ్రతుకుతున్నదని మనమెవ్వరమూ భావించము. దాని వేళ్లు ఏనాడో నేలలోని తడిని తామే వెదకుకొన్నవి. అయితే మనుషులు పెట్టిన నీటి మీదనే జీవితమంతా ఆధారపడే మహావృక్షాలు కూడా లోకంలో ఉన్నవి. అటువంటి చెట్ల నడుమ నేను పద్నాలుగు సంవత్సరాలుగా నివసిస్తున్నాను.

మా ఇల్లు అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ నగరం పొరుగున ఉన్నది. ఈ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పలువురు పాత ఇళ్లను, వాటితోపాటు ముప్పై నలభై ఏండ్ల చెట్లను కొనుక్కొన్నవారే. వారికీ, పిల్లల వద్దకు వచ్చి కొన్ని నెలలు గడిపే పెద్దలకూ ఉపయోగపడగలదన్న ఆశతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

నేల, నీరు, గాలి

డెన్వర్ సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తున, రాకీ పర్వతాల తూర్పు పాదాల చెంత ఉన్నది. వాననూ మంచునూ కలిపి లెక్కించినా ఇక్కడ ఏడాదికి లభించే నీరు సుమారు 15 అంగుళాలు, అనగా 38 సెంటీమీటర్లు. కరవుసీమగా పేరుపడిన మన అనంతపురంలో సైతం సగటు వర్షపాతం 55 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. ఇక్కడి గాలి పలుచనిది, పొడిది. శీతకాలంలో పర్వతాల మీదుగా దిగివచ్చే చినూక్ అనే వెచ్చని గాలి, నేలలోని తడిని, ఆకులలోని తడిని కూడా పీల్చివేస్తుంది.

ఇటువంటి మైదానంలో సహజంగా పెరిగిన పెద్ద చెట్లు వాగుల వెంబడి ఉండే కాటన్‌వుడ్ వంటివి మాత్రమే. 1867లో సిటీ డిచ్ అనే కాలువ ప్లాట్ నది నీటిని పట్టణానికి తెచ్చింది. వీధుల వెంట చెట్లు నాటడం దానితో సాధ్యమైనది. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో మేయరు రాబర్ట్ స్పీర్ ప్రజలకు నీడనిచ్చే మొక్కలను ఉచితంగా పంచిపెట్టారు. నేడు మనం చూచే మేపుల్, యాష్, ఎల్మ్ చెట్ల నీడ ఈ విధంగా మనుషులు నాటి, నీరు పెట్టి పెంచినదే. ఆ నీరు ఆగినప్పుడు చెట్టుకు మరొక ఆధారం లేదు.

శీతకాలపు దాహం

ఇక్కడి ఇళ్లలో పచ్చికకు నీరు చిమ్మే గొట్టాలు నేలలో అమర్చి ఉంటాయి. గడ్డకట్టే చలికి అవి పగిలిపోకుండా అక్టోబరులో వాటిలోని నీటిని తీసివేసి మూసివేస్తారు. మళ్లీ తెరిచేది ఏప్రిల్ ఆఖరున గాని, మే నెలలో గాని. వేసవిలో పచ్చికతోపాటు నీరు త్రాగిన చెట్టుకు ఆ ఆరునెలలు నీరు పెట్టేవారుండరు. ఆకులు రాలినంత మాత్రాన చెట్టు ప్రాణం నిద్రపోదు. నేల గడ్డకట్టనంత కాలం వేళ్లకు తడి కావలెను. ఏడాది పొడవునా ఆకు నిలిచే స్ప్రూస్, పైన్ వంటివి శీతకాలంలో కూడా ఆకుల ద్వారా నీటిని కోల్పోతూనే ఉంటాయి.

ఒక జనవరిలో నేను చెట్టుకు నీరు పెడుతుండగా మా మామయ్యగారు, "మొన్ననే మంచు పడింది కదమ్మా, మళ్లీ నీళ్లెందుకు?" అని అడిగారు. ఆయన అనంతపురం జిల్లాలో సేద్యం చేసినవారు. పొడవాటి స్క్రూడ్రైవరును ఆయన చేతికిచ్చి నేలలో గుచ్చి చూడమన్నాను. రెండంగుళాలు దిగి ఆగిపోయింది. "పైన తెల్లగా ఉన్నంత మాత్రాన లోపల తడి ఉన్నట్టు కాదన్నమాట" అన్నారాయన. సగటున పది అంగుళాల మంచు కరిగితే ఒక అంగుళం నీరు. ఇక్కడి పొడిమంచులో అంత కూడా ఉండదు. అందులోనూ కొంత ఎండకూ గాలికీ ఆవిరైపోతుంది.

శీతకాలంలో వేళ్లు ఎండినా చెట్టు వసంతంలో చిగురిస్తుంది. ఆ చిగురు దాచుకొన్న ఆహారంతో వచ్చినది. నడివేసవిలో గాని, రెండు మూడు సంవత్సరాల తరువాత గాని చిటారుకొమ్మలు ఎండడం మొదలవుతుంది. కారణం ఒక ఏట, ఫలితం మరొక ఏట కనబడటం వలన చాలామంది దీనిని తెగులుగా భావించి మందుల కోసం వెదకుతారు.

నీరు పెట్టే విధానం

అక్టోబరు నుండి మార్చి వరకు, వాన గాని మంచు గాని సరిగా కురవని నెలలలో, నెలకు ఒకటి రెండుసార్లు నీరు పెట్టవలెను. ఉష్ణోగ్రత 40 డిగ్రీల ఫారెన్‌హీట్, అనగా సుమారు 4 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఉండి, నేలపై మంచు లేని రోజున, మధ్యాహ్నవేళ పెట్టిన నీరు రాత్రి గడ్డకట్టేలోగా ఇంకుతుంది. నేల నుండి నాలుగున్నర అడుగుల ఎత్తులో కాండపు చుట్టుకొలతను మూడుతో భాగిస్తే వ్యాసం ఇంచుమించుగా తెలుస్తుంది. వ్యాసంలో ప్రతి అంగుళానికి 10 గ్యాలన్ల చొప్పున నీరు కావలెను. పదహారు అంగుళాల చెట్టుకు 160 గ్యాలన్లు, అనగా దాదాపు 600 లీటర్లు.

ఆ నీటిని మొదట్లో పోయకూడదు. నీరు పీల్చే సన్నని వేళ్లు చాలావరకు పైన ఉన్న ఒకటిన్నర అడుగుల మట్టిలో, కొమ్మల చివరల క్రిందను, వాటికి ఆవలను వ్యాపించి ఉంటాయి. గొట్టాన్ని సన్నధారగా వదలి, చుట్టూ చోటు మారుస్తూ పోవలెను. పని ముగియగానే గొట్టాన్ని కుళాయి నుండి విడదీయడం మరువరాదు. లేనిచో అందులోని నీరు గడ్డకట్టి గోడలోని పైపు పగులుతుంది. నేలపై మూడు నాలుగు అంగుళాల మందాన చెక్కపొట్టు పరిస్తే తడి నిలుస్తుంది. అది కాండానికి తగలకుండా చూడవలెను. తగిలితే బెరడు కుళ్లుతుంది.

పచ్చిక తీసేముందు

నీటిని ఆదా చేయడానికి ఇక్కడ పలువురు పచ్చికను తొలగించి కంకరరాళ్లు పరుస్తున్నారు. ఆ ఉద్దేశం మంచిదే. నాకు తెలిసిన ఒక కుటుంబం అట్లే చేసి, గొట్టాలను కూడా మూసివేసింది. మూడవ వేసవికి వారి పెరట్లోని పెద్ద మేపుల్ పైభాగం ఎండిపోయింది. ఎండిన కొమ్మలు పిల్లల గది మీదికి వ్రేలాడుతుండగా, వేల డాలర్లు వెచ్చించి దానిని కొట్టించవలసి వచ్చింది. పడమటి ఎండకు ఆ ఇంటికి ఇప్పుడు అడ్డు లేదు. పచ్చిక తీసినా, చెట్టు వరకు బొట్టుబొట్టుగా నీరు అందే ఏర్పాటు ఉంచుకొన్నచో ఈ నష్టం తప్పేది.

కత్తిరింపు, చీడ

చెట్టు ఎత్తు తగ్గించడానికి తలను నరికించడం హాని. నరికినచోట వచ్చే కొమ్మలు బలహీనంగా ఉండి, ఆకులు రాలకముందే పడే బరువైన తడిమంచుకు విరుగుతాయి. కొమ్మను తీయవలసివస్తే, కాండాన్ని కలిసేచోట ఉండే ఉబ్బును వదలి కోయవలెను. గాయానికి రంగు పూయనక్కరలేదు. చెట్టు తానే దానిని మూసుకొంటుంది. పెద్ద కొమ్మల పనిని శిక్షణ పొందిన వృక్షనిపుణులకే అప్పగించవలెను.

యాష్ చెట్టు ఉన్నవారు మరొక విషయం గమనించవలెను. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే మరకతవర్ణపు పెంకుపురుగు 2013లో కొలరాడోలోని బోల్డర్‌లో కనబడింది. దాని పిల్లపురుగులు బెరడు క్రింద తొలుస్తూ, చెట్టుకు ఆహారం ప్రవహించే దారులను తెంచుతాయి. పెద్దపురుగు బయటపడినచోట ఇంగ్లీషు డి అక్షరం ఆకారంలో చిన్న రంధ్రం మిగులుతుంది. కాండంలోకి మందు ఎక్కించి కాపాడవచ్చును గాని, ఆ పనిని రెండు మూడేండ్లకొకసారి చేయిస్తూనే ఉండవలెను. కొమ్మలలో మూడవవంతు ఎండిన తరువాత మందు అంతగా పనిచేయదు. ఆరోగ్యంగా ఉన్న చెట్టుకే ఈ ఖర్చు తగినది.

మా పెరట్లో ఉన్నది యాష్ చెట్టే. ఇంటికి మధ్యాహ్నపు నీడ దానిదే. దానిని కాపాడుకోవాలని నిశ్చయించి మందు ఎక్కిస్తున్నాము. అది ఎంతకాలం నిలుస్తుందో ఎవరూ చెప్పలేరు గనుక, కొంచెం దూరంలో బర్ ఓక్ మొక్కను కూడా నాటాము. ఈ చలిని, పొడిని తట్టుకొనే జాతి అది. నీడనిచ్చేంతగా పెరగడానికి దానికి ఇరవై ముప్పై ఏండ్లు పడుతుంది. పెద్ద చెట్టును పోగొట్టుకోకూడదని ఇంతగా చెప్పడం అందుకే. ఈ నవంబరులో మంచులేని ఒక వెచ్చని మధ్యాహ్నం మీ చెట్టు క్రింద నేలను గుచ్చి చూడండి. దిగకపోతే గొట్టం తీయండి.