అంతరించే జీవుల గురించి ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటే...

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. వన్యప్రాణుల సంరక్షణపై కాలేజీలో ఇంగ్లిష్‌లో మాట్లాడాలి. ‘డేంజరస్‌’, ‘ఎండేంజర్డ్‌’, ‘ఎక్స్‌టింక్ట్‌’ పదాల దగ్గర తడబడుతున్నాను. ఏం చేయాలి?
– ఓ విద్యార్థిని, కడప

జవాబు: పదాలను విడివిడిగా బట్టీ పట్టడం వల్లే ఈ తడబాటు. ‘డేంజరస్‌’ అంటే ఎదుటివారికి హాని చేసేది. ‘ఎండేంజర్డ్‌’ అంటే తన మనుగడకే ముప్పున్నది. పులికి రెండూ వర్తిస్తాయి.

ముందుగా ముప్పు స్థాయిలను ఉదాహరణలతో వరసగా రాసుకోండి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ (ఐయూసీఎన్‌) రెడ్‌ లిస్ట్‌లో చిరుతపులి ‘వల్నరబుల్‌’, పులి ‘ఎండేంజర్డ్‌’, బట్టమేక పక్షి ‘క్రిటికల్లీ ఎండేంజర్డ్‌’. భూమ్మీద ఒక్కటీ మిగలకపోతే ‘ఎక్స్‌టింక్ట్‌’.

తర్వాత మీ జిల్లా కథే చెప్పండి. అంతరించిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో కడప ప్రాంతంలో మళ్లీ కనిపించింది. అంటే అది ‘రీడిస్కవర్డ్‌’. చీతా సంగతి వేరు. మన దేశంలో అది అంతరించిందని 1952లో ప్రకటించారు. 2022లో నమీబియా నుంచి చీతాలను తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కునోలో వదిలారు. దీన్ని ‘రీఇంట్రడక్షన్‌’ అంటారు.

జీవులు అంతరించడానికి కారణాలను పూర్తి వాక్యాల్లో సాధన చేయండి. ‘హ్యాబిటాట్‌ లాస్‌ ఈజ్‌ ఎ మేజర్‌ థ్రెట్‌ టు దిస్‌ బర్డ్‌’ అనండి. ‘థ్రెట్‌’ తర్వాత ‘టు’ మరవొద్దు. దొంగవేటకు ‘పోచింగ్‌’ వాడండి.

రోజూ పది నిమిషాలు పైకి మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. రెండు వారాల తర్వాతా ఉచ్చారణ, వాక్య నిర్మాణం కుదరకపోతే ఆ రికార్డింగుతో మీ ఇంగ్లిష్‌ లెక్చరర్‌ను నేరుగా కలవండి.