షోలాపూరు నుండి సముద్రము వరకు



దాజీపేటలోను, సాఖరుపేటలోను నివసించు మన సాలె కుటుంబములలో పెండ్లికో, జాతరకో తెలంగాణములోని స్వగ్రామమునకు పోనివారు అరుదు. కాని రాత్రి బస్సెక్కి, కన్నుమూసి, తెల్లవారునప్పటికి హైదరాబాదులో దిగుటయే మనకు పరిపాటి. నడుమనున్న భూమిని మనము చూడనే లేదు. ఒక్కసారి పగటివేళ ఆ త్రోవను పోయి చూతము రండు.

ఈ త్రోవ 65వ జాతీయ రహదారి. ఇది పూనాలో బయలుదేరి షోలాపూరు, హైదరాబాదు, విజయవాడల మీదుగా మచిలీపట్టణము చేరుచున్నది.

మన యూరి నేలక్రింద నున్న నల్లరాయి పేరు బసాల్టు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట భూమి పగుళ్లనుండి కరగిన శిల వెలువడి, పొరలు పొరలుగా పరచుకొని గట్టిపడినది. అది చివికి నల్లరేగడి యైనది. రేగడి తేమను చాలకాలము నిలుపుకొనును గనుక ప్రత్తికి అనువైనది. ప్రత్తి యున్నచోట నూలు, నూలున్నచోట మగ్గము. మన పెద్దలను ఇచటికి రప్పించిన కారణములలో ఈ రాయియు నొకటి యనవచ్చును.

తూర్పుగా సుమారు 45 కిలోమీటర్ల దూరమున నల్‌దుర్గపు కోట కలదు. కోటలో బోరీ నదికి కట్టిన ఆనకట్టపై నుండి వానకాలమున నీరు జలపాతమై దూకును. ఆనకట్ట లోపలి మందిరమునకు పానీమహల్ అని పేరు.

జహీరాబాదు దగ్గర నేల ఎఱ్ఱబారును. అచట బసాల్టే దీర్ఘకాలము ఎండవానలకు చివుకగా ఇనుము మిగిలి లాటరైటు అను ఎఱ్ఱరాయి యేర్పడినది. పటాన్‌చెరువులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ పరిశోధనా క్షేత్రమున నల్లరేగడియు, ఎఱ్ఱనేలయు రెండును కలవు. అటుపిమ్మట హైదరాబాదు గుండ్లు! ఒకదానిపై నొకటి పేర్చినట్లున్నను వానినెవ్వరు పేర్చలేదు. ఒకే ముద్దగా నున్న గ్రానైటు పగుళ్ల వెంట చివికి, మెత్తని భాగము వానలకు కొట్టుకొనిపోగా గట్టి భాగములు నిలిచినవి. ఈ శిల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి వనములో ఇట్టి గుండ్లను, నెమళ్లను చూడవచ్చును. మన తాతల యూళ్లలోని ఎఱ్ఱచెలకలు గ్రానైటు చివుకగా నేర్పడినవే.

ఇక నీటి త్రోవను చూడుడు. మన నగరమునకు పడమట పారు సీనా నది భీమలో కలియును. భీమ రాయచూరు ప్రాంతమున కృష్ణలో కలియును. కృష్ణ శ్రీశైలము, నాగార్జునసాగరము దాటి, 1957లో నిర్మాణము పూర్తియైన ప్రకాశము బ్యారేజి వద్ద, విజయవాడలో, మరల మన రహదారిని కలిసికొనును. మన మేడలపై కురిసిన వాన యొక పాలు అచటి పొలములకు పారి, మిగిలినది సముద్రము చేరుచున్నది.

"మీది ఈ దేశమా, ఆ దేశమా?" అని తోటి బాలు రడిగినప్పుడు మనలో కొందరు తల వంచుకొందురు. వంచుకొన నక్కరలేదు. ఇచటి రాయి మనకు నూలు నిచ్చినది, ఇచటి యేరు మన యూళ్ల నదిలో కలియుచున్నది. ఇది తెలిసినవాడు రెండు చోట్లను తనవే యని చెప్పగలడు.

ఈ వేసవిలో ఊరికి పోవువారు గుప్పెడు ఎఱ్ఱమన్ను తెండు. దానిని, మన రేగడిని వేరువేరు పళ్లెములలో తడిపి యెండబెట్టుడు. ఏది యెక్కువగా పగులునో, ఏల పగులునో వ్రాసి బడికి తీసికొని రండు.