ఇసుక ట్రేలో ఏరు: బడిలో చేయవలసినవి, చేయకూడనివి

ఆవని కొండ మీద గట్టి వాన పడితే నీళ్లు బండమీద జారి, కింద మన్ను కోసుకుంటూ చెరువుల దారి పడతాయి. చెరువు ఎందుకు పూడుతుందో పిల్లలకు చూపించడానికి ఇసుక నింపిన ట్రే, సన్నటి నీటిధార చాలు. కోలారు జిల్లాలో ప్రతి బడీ చేయించవలసిన ప్రయోగమిది. అయితే నీళ్లకంటే ముందు చూసుకోవలసింది ఇసుక.

చేయకూడనివి

కేజీఎఫ్ (కోలారు బంగారు గనుల) సయనైడ్ దిబ్బల మట్టిని గుప్పెడు కూడా తేవద్దు. మెత్తగా ఉంటుంది, ధారకు ఇట్టే కోసుకుపోతుంది, అందుకే ఆశ పుడుతుంది. రాతిని పిండి చేసి, సయనైడ్ ద్రావణంతో బంగారం లాగేశాక మిగిలిన పొడి అది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి, దిబ్బలు మాత్రం అలాగే ఉన్నాయి. ‘ఇన్నేళ్ల ఎండకూ వానకూ విషం పోయుంటుందిలే’ అనేవారి మాట నమ్మవద్దు. సయనైడ్ కొంత విరిగిపోవచ్చు గానీ, రాతిలోంచి వచ్చిన భారలోహాలు విరిగిపోయేవి కావు. ఆ ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే ఏమవుతుందో గని కార్మికుల కుటుంబాలకు తెలుసు.

ఆవనిలోని రామలింగేశ్వర ఆలయాల ఆవరణలో మన్ను తవ్వవద్దు, అవి రక్షిత కట్టడాలు. పూడిక మట్టి కోసం పిల్లల్ని చెరువులోకి దింపవద్దు. కొండమీద మబ్బు పట్టినప్పుడు వంకలో నిలబడనివ్వవద్దు. 2018 నుంచి జిల్లాలోని చాలా చెరువులకు బెంగళూరులో శుద్ధిచేసిన మురుగునీరు వస్తోంది. పిల్లలు చేతులు పెట్టే పనికి ఆ నీళ్లు వద్దు, కొళాయి నీళ్లే వాడండి.

చేయవలసినవి

ఇల్లు కట్టేచోట దొరికే ఎం-సాండ్ (రాతిని నలగ్గొట్టి చేసిన ఇసుక) తెచ్చి, తడిపి, నీళ్లు తేటపడేదాకా కడగండి. పొడిగా జల్లెడ పట్టకండి.

మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ట్రేలో 10 సెంటీమీటర్ల మందాన తడి ఇసుక పోస్తే దాదాపు 100 కిలోలవుతుంది. బడి బల్ల దాన్ని మోయలేదు. ట్రేని నేలమీదే పెట్టి, ఒక చివరను 3 సెంటీమీటర్లు లేపండి. కింద గోనెసంచి పరవండి, తడి గచ్చు జారుతుంది.

కరెంటు పంపు అసలు వద్దని నా మాట. స్టూలు మీద బకెట్, సన్న పైపు చాలు. పైపును నోటితో పీల్చనివ్వకండి. ముందే పైపులో నీళ్లు నింపి, ఒక చివర బకెట్ నీళ్లలో ఉంచి, రెండో చివర వేలితో మూసి, కిందికి దించి వదిలితే ధార దానంతటదే వస్తుంది. ఇక పిల్లలు ఇసుకతో కట్ట వేసి, తూము, మరవ పెట్టి చూడవచ్చు. ధార కట్ట వెనక నిలిచిన నీటిలో చేరి నెమ్మదించగానే బరువు రవ్వ ముందు దిగుతుంది, సన్న రవ్వ లోపలికి పోయి పరుచుకుంటుంది. రంగు కావాలంటే వంటల్లో వేసేదే కలపండి.

పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగించండి. ఇసుకను మోరీలో పారబోయకుండా ఆరబెట్టి దాచండి. ట్రేలో నీళ్లు నిలవనిస్తే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది, కాబట్టి ఆ సాయంత్రమే వంచేయండి.