కుట్లకు ముందు ఇంకొక్క షాట్



మడకశిర చుట్టుపక్కల చింతకాయలు రాల్చే రోజులు మొదలైతే ఆసుపత్రికి విరిగిన మణికట్లు వస్తూనే ఉంటాయి. కొమ్మ మీంచి జారినవాడు చెయ్యి చాచి నేలను ఆపబోతాడు. రేడియస్ ఎముక చివర నలుగుతుంది. కొందరు ముందు పుత్తూరు నాటుకట్టుకు పోయి, వారాలు గడిచాక వంకర చేత్తో ఆపరేషన్ బల్ల మీదికి చేరతారు.

ఇలాంటి విరుపుకు అరచేతి వైపునుంచి లాకింగ్ ప్లేటు వేయడం ఇప్పుడు మామూలే. సర్జన్ కంటికి కనిపించేది ప్లేటు. స్క్రూ మొన తేలేది మాత్రం అవతల, చేతి వెనకవైపు. అక్కడ సీ-ఆర్మ్ ఎక్స్‌రేయే దిక్కు. చిక్కేమిటంటే, పక్కనుంచి తీసిన బొమ్మ నమ్మించి మోసం చేస్తుంది.

ఆ ఎముక వెనకభాగం చదునుగా ఉండదు. నడుమ లిస్టర్ ట్యూబర్కిల్ అనే గుబ్బ, దానికి ఇరువైపులా వాలు. పెంకుటింటిని పక్కనుంచి చూసేవాడికి అవతలి వాలులో పొడుచుకొచ్చిన మేకు, కొప్పును దాటితే గాని కనపడదు. ఇదీ అంతే. బొటనవేలిని ఎత్తే స్నాయువు ఆ గుబ్బను ఆనుకునే సాగుతుంది. స్క్రూ మొనకు ఒరుసుకుని ఒరుసుకుని అది ఓ రోజు తెగుతుంది. అరచేతిని బల్ల మీద బోర్లా ఆనించి బొటనవేలు ఎత్తమంటే లేవదు. మల్బరీ ఆకు కోసే చేతికి అది చిన్న నష్టమా?

అందుకే అల్లుడూ, కుట్లు వేయకముందే స్కైలైన్ షాట్ తీయించు. మోచేయి వంచి, ముంజేతిని దాదాపు నిలువుగా నిలిపి, మణికట్టును బాగా మడిస్తే గుబ్బా, వాలూ, స్క్రూ మొనా విడివిడిగా తేలతాయి. కీలులోకి స్క్రూ దూరిందేమో చూడ్డానికి వేరే షాట్ కావాలి: ముంజేతిని 20 డిగ్రీలు పైకెత్తి పక్కనుంచి తీసేది. పొడవు మీద అనుమానముంటే చిన్న స్క్రూకే మొగ్గు. ఎముక మందంలో 75 శాతం దాకా వెళ్ళిన లాకింగ్ స్క్రూలు బలంలో పూర్తి పొడవువాటికి తీసిపోవని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది.

టెక్నీషియన్ బటన్ నొక్కేటప్పుడు సర్జన్ వేళ్ళు కిరణాల దారిలో ఉండకూడదు. లెడ్ ఏప్రాన్ వేళ్ళను కాపాడదు.

ఆ షాట్లను కేస్ షీటుకు జతచేయించు. నొప్పంటూ రేపు ఆ రోగి బత్తలపల్లి ఆర్‌డీటీ ఆసుపత్రికో బెంగళూరుకో పోతే, అక్కడి డాక్టరు ముందుగా అడిగేవి అవే.

మీ మామ