ఖాళీ పెన్ను రంగు వేరు, ఇంకు పోసిన పెన్ను రంగు వేరు

మన క్లాసులో ఈ ఏడాది ఇంకు పెన్నులు మళ్ళీ కనిపిస్తున్నాయి. మొదటి మూడు బెంచీల్లోనే అయిదారు ఉంటాయి. వాటిలో చాలావరకు లోపలి ఇంకు బయటికి కనిపించే రకం. కొనబోయేవాళ్ళు ఒకరినొకరు అడుక్కునే ప్రశ్న కూడా ఒక్కటే: "ఏ రంగు తీసుకోనే?" అడిగేది అందం గురించే. కానీ పరీక్ష హాల్లో మూడు గంటలు ఆగకుండా రాయాల్సిన మనకి ఆ రంగుతో ఇంకో పని కూడా ఉంది. ఇంకు ఎంత మిగిలిందో చెప్పాల్సింది అదే. అది సరిగ్గా చెప్పకపోతే ఎనిమిదో ప్రశ్న మధ్యలో పెన్ను ఎండిపోవచ్చు, లేదా పేపరు మీద పెద్ద మరక పడొచ్చు. అందుకే ఈసారి గోడపత్రికకి ఈ పాఠం రాస్తున్నాను.

ముందు మాట సంగతి చూద్దాం. 'పారం' అంటే అవతలి ఒడ్డు. అవతలి ఒడ్డుని చూపించేది పారదర్శకం. రంగు లేని గాజుగ్లాసు అలాంటిది. రంగు కలిసి, వెనకున్నది కాస్త మసగ్గా కనిపిస్తే అర్ధపారదర్శకం. మనం మాట్లాడుకునేది ఈ రెండో రకం పెన్నుల గురించి. మాటల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. మా ఇంట్లో అమ్మ తెలుగు, నాన్న కన్నడం. నాన్న 'శాయి' అంటారు, అమ్మమ్మ 'సిరా' అంటుంది, నేను 'ఇంకు' అంటాను. సీసా మాత్రం ఒకటే.

ఇంకు కనిపించే పెన్ను మన కాలపు ఫ్యాషన్ అనుకుంటాం, కానీ కాదు. తొలి రోజుల ఇంకు పెన్నులు ఎక్కువగా ఎబొనైట్‌తో చేసేవారు. రబ్బరుకి గంధకం బాగా కలిపి వేడి చేస్తే వచ్చే గట్టి పదార్థం అది. దాంట్లోంచి వెలుతురు పోదు. గాంధీజీ స్వదేశీ పిలుపు అందుకుని 1930లలో రాజమండ్రిలో మొదలైన రత్నం పెన్నులు కూడా ఎబొనైట్‌కే పేరు పడ్డాయి. చేతికి వెచ్చగా, హాయిగా ఉంటుందంటారు. కాకపోతే ఇంకు ఎంత ఉందో చూడాలంటే మర విప్పాల్సిందే. సెల్యులాయిడ్ వచ్చాక రంగులూ, వెలుతురు పోయే గొట్టాలూ సాధ్యమయ్యాయి. 1929లో జర్మనీలో పెలికాన్ కంపెనీ తెచ్చిన మొదటి పెన్నులోనే ఇంకు మట్టం చూసే వీలుంది. అమెరికాలో 1933లో వచ్చిన పార్కర్ వాక్యుమాటిక్‌కి అడ్డంగా చారలుండేవి. రంగు చారకీ చారకీ మధ్య సందుల్లోంచి ఇంకు కనబడేది. ఇప్పుడు మన చేతుల్లో ఉన్నవి చాలావరకు అక్రిలిక్, లేదా పాలీకార్బొనేట్.

ఇక రంగుల దగ్గరికి వద్దాం. అవెన్యూ రోడ్డు షాపుల్లో ఈ పెన్నులు అద్దాల పెట్టెలో వరసగా పెట్టి ఉంటాయి, అన్నీ ఖాళీవే. అసలు చిక్కు ఇక్కడే ఉంది. గాజులు కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? వెలుతురుకి పట్టి చూసి ఊరుకోం, చేతికి వేసుకుని చూస్తాం. ఎందుకంటే గాజు వెనక చర్మం ఉంటే రంగు మారుతుందని మనకి తెలుసు. పెన్ను వెనక చర్మం బదులు ఇంకు ఉంటుంది, అంతే తేడా. కానీ పెన్నుని ఖాళీగా చూసే కొనేస్తాం.

రంగు ప్లాస్టిక్ చేసే పని సులువుగా చెప్పొచ్చు. అది తన రంగు వెలుతురుని పోనిస్తుంది, తక్కినదాన్ని చాలావరకు మింగేస్తుంది. తేనె రంగు బారెల్ నీలాన్ని మింగేస్తుంది కాబట్టి దాంట్లో నీలం ఇంకు పోస్తే నీలంగా కనిపించదు, నల్లగా కనిపిస్తుంది. ఎర్ర బారెల్లోనూ అంతే. ఆకుపచ్చ బారెల్లో అదే ఇంకు ముదురు నెమలి రంగులోకి తిరుగుతుంది. నీలం బారెల్లో మాత్రం నీలంగానే ఉంటుంది.

ఇంకో సంగతి. బారెల్ నిండా ఉన్న ముదురు ఇంకు ఏదైనా దాదాపు నల్లగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ మందంలోంచి వెలుతురు ఇవతలికి రాదు. ఇంకు అసలు రంగు తెలిసేది గోడకి అంటుకున్న పల్చటి పొరలోనే. అంటే కొత్తగా నింపిన పెన్ను ఏదైనా ఒకటే, నల్లటి కడ్డీలా ఉంటుంది. సగం అయ్యాక పైన బారెల్ సొంత రంగు, కింద నలుపు, మధ్యలో గీత. మన దగ్గర పెన్ను ఎక్కువ రోజులు ఉండేది ఈ సగం స్థితిలోనే కాబట్టి, ఆ గీత స్పష్టంగా కనిపించే రంగు కావాలి.

మా బెంచీ వాళ్ళం పోయిన వారం నాలుగు పెన్నుల్లో ఒకే నీలం ఇంకు సగం దాకా పోసి, కిటికీ దగ్గరా, ట్యూబులైటు కిందా పట్టి చూశాం. రంగు లేని దాంట్లోనూ, తేనె రంగు దాంట్లోనూ గీత చేతి దూరం నుంచే తెలిసింది. ముదురు నీలం దాంట్లో కిటికీ దగ్గర తెలిసింది, ట్యూబులైటు కింద వెతుక్కోవాల్సి వచ్చింది. పొగ రంగుది అందరికన్నా అందంగా ఉంది, అందరికన్నా మోసగత్తె కూడా. ట్యూబులైటు కింద ఇంకు ఎక్కడిదాకా ఉందో మాలో ఒక్కళ్ళమూ చెప్పలేకపోయాం. పరీక్ష హాల్లో మనకి దొరికేది ఆ ట్యూబులైటే.

గీత ఇంత ముఖ్యమా అంటే, డ్రాపర్‌తో నేరుగా బారెల్లోకి ఇంకు పోసే పెన్నులకి చాలా ముఖ్యం. వాటిలో రెండు మూడు మిల్లీలీటర్లు పడుతుంది, కాబట్టి నింపితే రోజుల తరబడి వస్తుంది. కానీ ఇంకు తగ్గేకొద్దీ ఆ చోట గాలి చేరుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి, మిగిలిన ఇంకుని పాళీ వైపు నెడుతుంది. అప్పుడే టప్‌మని ఒక చుక్క పేపరు మీద పడుతుంది. పెన్ను పాడైందని అనుకుంటాం, కానీ అది ఖాళీ అవుతోందని చెప్పడమే. మూడోవంతు మిగలగానే మళ్ళీ నింపేస్తే ఈ బాధ చాలావరకు ఉండదు. ఆ మూడోవంతు కంటికి కనిపించాలి కదా! లోపల కన్వర్టరు పెట్టే పెన్నులకి ఈ భయం తక్కువ. అందులో పట్టేదే ఒక మిల్లీలీటరు లోపు, పైగా ఇంకు ఉండేది కన్వర్టరు గొట్టంలో. వాటికి మీకు నచ్చిన రంగు తీసుకోండి.

మరి రంగు లేనిదే కొనేస్తే సరిపోదా? గీత వరకు సరిపోతుంది. కానీ అది ఏదీ దాచదు. మరలో ఇరుక్కున్న పాత ఇంకు, మూత లోపలి చెమ్మ, పాళీ దగ్గరి మరక, అన్నీ కనిపిస్తాయి. ఎరుపు, ఊదా ఇంకులైతే కొన్ని ప్లాస్టిక్‌లకి పట్టి వదలవు. లేత రంగున్న బారెల్ ఆ మరకల్ని కాస్త సర్దుకుంటుంది. తేనె రంగులో ఉన్న లోటు వేరు: నీలమా, నలుపా చూసి చెప్పలేం. రెండు ఇంకులు వాడేవాళ్ళు ఒకే రంగు పెన్నులు రెండు కొనకండి.

నా లెక్కలో అన్నిటికన్నా బాగా కుదిరేది నీలం, ఆకుపచ్చ కలిసిన ఒక లేత రంగు. షాపులో దానికి ఏదో సముద్రం పేరు చెప్తారు. అమ్మమ్మ చూడగానే "గోళీ సోడా సీసా రంగే!" అంది. నాకు ఆ పేరే ఖాయమైపోయింది. ఆ రంగులో నీలం ఇంకు నీలంగానే కనిపిస్తుంది, గీతా తెలుస్తుంది, చిన్నచిన్న మరకలూ కలిసిపోతాయి. నేరేడు రంగు నాకూ ఇష్టమే, కానీ దాన్ని ఉత్తరాలకీ, డైరీకీ ఉంచుకుంటాను.

షాపులో ఇంకు పోసి చూపించరు, నిజమే. కాబట్టి అర చెయ్యంత నల్ల కాగితం, అంతే తెల్ల కాగితం పక్కపక్కన పెట్టి, పెన్ను మూతా పాళీ తీసి, బారెల్‌ని రెండింటి మీదా అడ్డంగా పెట్టి చూడండి. నలుపు మొదలైన చోటు బారెల్లోంచి స్పష్టంగా తెలిస్తే ఇంకు గీత కూడా తెలుస్తుంది. ఇది షాపు లోపలి వెలుతురులోనే చూడాలి, గుమ్మం దగ్గరికి తీసుకుపోవద్దు.

కొన్నాక ఇంకు మార్చే ప్రతిసారీ చల్లటి నీళ్ళతో కడగండి. మొండి మరకకి గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క చాలు. వేడినీళ్ళు వద్దు, స్పిరిట్ అసలే వద్దు, అక్రిలిక్‌కి సన్నటి పగుళ్ళు వస్తాయి. డ్రాపర్ పెన్నుకి మర దగ్గర సిలికాన్ గ్రీజు కొంచెం రాస్తే వేళ్ళకి ఇంకు అంటదు.