పటాలం నుంచి కచేరీ దాకా: పరభాషా పదాల ప్రయాణం

తెలుగువారికి ‘ముద్దాయి’ అనగా నేరారోపణకు గురై బోనులో నిలిచిన వ్యక్తి. హర్యానాలోని ఫరీదాబాద్ ప్రాంతంలో పోలీసు ఠాణా కాగితాలలో ‘ముద్దయీ’ అనే మాట కనిపిస్తే దాని అర్థం ఫిర్యాదు చేసిన వ్యక్తి. రెండింటికీ మూలమైన అరబ్బీ ధాతువు ఒకటే. దావా అనే మాట కూడా ఆ ధాతువునుంచి పుట్టినదే. మూలభాషలో దావా వేసినవాడు ముద్దయీ, ఎవరిపై దావా వేయబడినదో అతడు ముద్దఆలైహ్. తెలుగులో ఈ జంట విడిపోయి ఒక్క మాటే మిగిలింది. అది ప్రతివాది పక్షాన స్థిరపడింది. ‘ముద్దయీ మందకొడి, సాక్షి చురుకు’ అనే అర్థం గల సామెత హిందీలో ఉన్నది. దానిని మాటకు మాటగా తెలుగు చేస్తే నేరస్థుడు బద్ధకస్తుడైనందుకు సాక్షి విచారిస్తున్నట్లు తోస్తుంది. సామెత విషయంలో ఇది నవ్వి ఊరుకోదగిన పొరపాటే. ప్రథమ సమాచార నివేదికను అనువదించేటప్పుడు మాత్రం కొట్టినవాడు ఎవరో, దెబ్బలు తిన్నవాడు ఎవరో తారుమారవుతుంది.

ఇటువంటి పదాలను పరిశీలించడానికి ఫరీదాబాద్ తగిన చోటు. ఢిల్లీ ఆగ్రాల నడుమ రాజమార్గాన్ని కాపాడే నిమిత్తం 1607లో జహంగీరు కోశాధికారి షేక్ ఫరీద్ ఈ ఊరు కట్టించాడు. దేశవిభజన తరువాత వాయవ్య సరిహద్దు రాష్ట్రంలోని బన్నూ మొదలైన ప్రాంతాలనుంచి వచ్చిన శరణార్థులకు 1949నుంచి ఇక్కడ కొత్త పట్టణం నిర్మించారు. ‘న్యూ ఇండస్ట్రియల్ టౌన్‌షిప్’ అనే దాని పేరును కుదించి స్థానికులు నేటికీ ఎన్.ఐ.టి. అంటారు. వరంగల్లు కళాశాలను తలచుకునే తెలుగువారు ఆ మాట విని కాస్త తికమకపడడం సహజం. 1979 ఆగస్టు 15న గుర్‌గావ్ నుంచి విడివడి ఫరీదాబాద్ ప్రత్యేక జిల్లా అయింది. పారశీకం, ఉర్దూ, పంజాబీ, హిందీ, ఇంగ్లీషు ఒకదానిపై ఒకటి పొరలుగా పేరుకున్న వ్యవహారభాష ఈ ప్రాంతానిది.

ఈ జిల్లాలోని బల్లభ్‌గఢ్‌ను ఏలిన రాజా నాహర్‌సింగ్ 1857 సంగ్రామంలో పాల్గొన్నాడు. ఆంగ్లేయులు ఆయనను విచారించి 1858 జనవరి 9న ఢిల్లీ చాందినీచౌక్‌లో ఉరితీశారు. ఆ సంగ్రామకాలంలో ఢిల్లీ ప్రజలు కంపెనీ కొలువును ధిక్కరించి వచ్చిన సిపాయిలను ‘తిలంగాలు’ అని పిలిచేవారు. ఆ సిపాయిలలో అత్యధికులు అవధ్, బీహారు ప్రాంతాలవారు, తెలుగువారు కారు. మరి వారికి మన పేరెట్లా వచ్చింది? కంపెనీవారు ఐరోపా పద్ధతిలో కవాతు నేర్పి, యూనిఫారం తొడిగించిన తొలి సిపాయిలలో కోరమాండల్ తీరంవారు, తెలుగువారు ఎక్కువ. 1756లో క్లైవు మద్రాసునుంచి బెంగాలుకు బయలుదేరినప్పుడు వెంట తీసుకువెళ్లినది ఇట్టి దళాలనే. 1757 జూన్ 23న ప్లాసీ యుద్ధంలో ఇవి పోరాడాయి. ఆ వేషం, ఆ కవాతు ఉత్తరాదికి కొత్త. కనుక ఆ దుస్తులు ధరించిన ప్రతి సిపాయీ ఏ ప్రాంతంవాడైనా తిలంగాయే అయినాడు. హిందీ నిఘంటువులలో ఈ అర్థం నేటికీ ఉన్నది. ఒక జాతి పేరు ఒక వృత్తికి పేరుగా మారడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకదు. తెలుగు పాఠ్యపుస్తకాలలో దీనికి చోటు దొరకకపోవడం ఆశ్చర్యమే.

సైన్యంలో మాటలు రెండు వైపులా నడిచాయి. ‘బెటాలియన్’ ఉత్తరాదిన పల్టన్, దక్షిణాదిన పటాలం అయింది. కొత్తగా చేరిన ‘రిక్రూట్’ హిందీలో రంగ్‌రూట్, ‘ఆర్డర్లీ’ అర్దలీ. రాత్రి కాపలా సిపాయి ఇంగ్లీషులో ‘హూ కమ్స్ దేర్?’ అని గద్దించవలసి ఉండగా, ఆ గద్దింపు సిపాయి నోట ‘హుకుందార్’ అయింది. హుకుం అనే పరిచితమైన మాట అందులో వినిపించడంవల్ల దానికి అధికారధ్వని కూడా వచ్చింది.

ఎదురుదిశలో తెల్లసైనికుల యాసలోకి చేరిన మన మాటలు ఇంకా ఎక్కువ. విలాయతీ అనే మాటను వారు ‘బ్లైటీ’గా మార్చుకొని స్వదేశానికి పేరుగా పెట్టుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో, ప్రాణం పోకుండా ఇంటికి పంపగలిగేపాటి గాయాన్ని ‘బ్లైటీ’ అనేవారు. కందకాలలోని సైనికునికి అది కోరదగిన గాయం. ‘దేఖో’ నుంచి డెక్కో, ‘రోటీ’నుంచి రూటీ, ‘బఖ్షీష్’నుంచి బక్షీ, ‘చిట్ఠీ’నుంచి చిట్ ఏర్పడ్డాయి. స్వదేశానికి పోయే ఓడకోసం సైనికులు నెలల తరబడి ఎదురుచూసిన శిబిరం నాసిక్ సమీపంలోని దేవలాలీలో ఉండేది. ఆ నిరీక్షణలో మతి చలించినవారిని ‘డూలాలీ’ అన్నారు. ధూళి అని అర్థమిచ్చే ‘ఖాక్’నుంచి ఖాకీ వచ్చింది, 1846లో పెషావరులో ఏర్పడిన గైడ్స్ దళంతో ఆ రంగు సైన్యంలో అడుగుపెట్టింది. మన పందికొక్కు కూడా ‘బ్యాండికూట్’గా ఇంగ్లీషు నిఘంటువుకెక్కింది.

ఇట్టి మాటల ప్రసిద్ధ నిఘంటువు ‘హాబ్సన్ జాబ్సన్’ 1886లో వెలువడింది. దాని కర్తలలో హెన్రీ యూల్ సైన్యపు ఇంజనీరు, ఏ.సి. బర్నెల్ మద్రాసు సర్వీసులో తంజావూరు న్యాయాధికారి. పటాలం, కచేరీ ఆ విధంగా ఒకే అట్టల నడుమ కూర్చున్నాయి. మొహర్రం ఊరేగింపులో వినవచ్చే ‘యా హసన్, యా హుసేన్’ నినాదాన్ని తెల్లసిపాయిలు పలికిన తీరే ఆ గ్రంథనామం. బర్నెల్ 1882లోనే మరణించి, అచ్చైన పుస్తకాన్ని చూడలేకపోయాడు. అంతకు ముందే 1854లో సి.పి. బ్రౌను తెలుగులోని మిశ్రభాషా పదాలకు, అన్యదేశ్యాలకు విడిగా నిఘంటువు ప్రకటించాడు. పండితులు తమ నిఘంటువులలో చేర్చడానికి సంకోచించిన మాటలు రైతు చేతి దస్తావేజులో ఉన్నాయని ఆయన గుర్తించాడు.

న్యాయస్థానపు ఇంగ్లీషు కూడా అరువు భాషే. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించాక అక్కడి న్యాయస్థానాలలో ఫ్రెంచి స్థిరపడింది. వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో శాసనం చేసినా ఫ్రెంచి, లాటిన్ పదజాలం కదలలేదు. న్యాయస్థానపు పత్రాలు పూర్తిగా ఇంగ్లీషులోకి మారడం 1733లో గాని జరగలేదు. ‘మార్ట్‌గేజ్’ అనే మాటకు ఫ్రెంచిలో అక్షరార్థం చచ్చిన కుదువ. మన రాజ్యాంగం 32వ అధికరణంలో హెబియస్ కార్పస్ మొదలు సెర్షియోరరీ వరకు ఉన్న ఐదు రిట్లలో నాలుగు లాటిన్ పేర్లతోనే ఉన్నాయి. భారతదేశంలో కంపెనీ ప్రభుత్వం 1837లో న్యాయస్థానాలనుంచి పారశీకాన్ని తొలగించే శాసనం చేసింది. భాష పోయినా పదాలు మిగిలాయి. 1860 నాటి శిక్షాస్మృతి డకాయిటీ, థగ్ అనే మాటలను ఇంగ్లీషు చట్టంలో చేర్చింది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో థగ్ లేదు, డకాయిటీ ఉన్నది. విచిత్రమేమంటే, పాత స్మృతిలో థగ్గును నిర్వచించిన సెక్షను 310. కొత్త సంహితలో డకాయిటీ సెక్షను సంఖ్య కూడా అదే. పేరు లేనిది అని అర్థమిచ్చే పారశీకపు ‘బేనామీ’ 1988లో ఒక కేంద్ర చట్టానికే పేరయింది.

హిందీనుంచి తెలుగులోకి కాగితాలు మార్చేవారికి అపరిచిత పదాలతో వచ్చే చిక్కు తక్కువ. తెలియని మాటకు నిఘంటువు చూస్తారు. ప్రమాదమంతా తెలిసినట్లు కనిపించే మాటలలోనే. ‘రాజీనామా’ తెలుగులో ఉద్యోగం వదులుకొనే పత్రం; ఫరీదాబాద్ న్యాయస్థానం ఆవరణలో అది ఇరుపక్షాల నడుమ కుదిరిన రాజీ పత్రం. ‘తన్‌ఖ్వాహ్’ అక్కడ నెలజీతం. మన ‘తనఖా’ ఆస్తిని కుదువపెట్టడం. మొగలుల కాలంలో జీతానికి బదులుగా భూమి శిస్తును అప్పగించే ఏర్పాటుకు ఈ మాట వాడేవారు. ఆ అప్పగింత భావమే తెలుగులో తాకట్టు వైపు మళ్లినట్లు తోస్తుంది. ‘జమాబందీ’ హర్యానాలో భూమి హక్కుల రిజిస్టరు; ఆంధ్రదేశంలో గ్రామలెక్కల వార్షిక తనిఖీ. ‘ఫిరంగీ’ అక్కడ ఐరోపావాడు, ఇక్కడ వాడు మోసుకొచ్చిన తుపాకి అన్నకు పేరు. కచేరీ అనగా తెలుగువారికి మొదట సంగీతమే గుర్తుకు వస్తుంది.

ఈ తేడాలు భాషాశాస్త్ర వినోదాలుగా మాత్రమే మిగిలితే చింత లేదు. కాని అరెస్టయిన వ్యక్తికి అరెస్టుకు కారణాలు తెలియజేయాలని రాజ్యాంగం 22వ అధికరణం ఆదేశిస్తున్నది. నిర్బంధితునికి కారణాలను అతనికి అర్థమయ్యే భాషలో, లిపిలో ఇవ్వాలని 1962లో మహారాష్ట్రకు చెందిన ఒక నిర్బంధ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇంగ్లీషు కాగితాన్ని పోలీసు అధికారి నోటితో వివరించడం చాలదన్నది. ఫరీదాబాద్ కర్మాగారంలో పనిచేసే తెలుగు కార్మికుడు గొడవలో దెబ్బలు తిని తానే ఫిర్యాదు చేశాడనుకుందాం. ఆ కాగితం తెలుగులోకి మారి స్వగ్రామంలోని తల్లిదండ్రులకు చేరేసరికి ‘ముద్దయీ’ ముద్దాయి అయితే, వారు పొలం తనఖా పెట్టి జామీను సొమ్ము సమకూర్చే పనిలో పడతారు.

ప్రథమ సమాచార నివేదికలు సామాన్యునికి అర్థమయ్యే మాటలలో ఉండాలని, వాడుకలో లేని ఉర్దూ, పారశీక పదాలను మానాలని 2019లో ఢిల్లీ హైకోర్టు పోలీసులకు సూచించింది. సూచన మంచిదే. అయితే కఠినమైన పారశీక పదం స్థానంలో అంతే కఠినమైన సంస్కృత పదం వస్తే ఫిర్యాదికి ఒరిగేదేమీ లేదు. తెలుగు పోలీసు వాడుకలో ‘రౌడీషీటు’ను ఎవరూ అనువదించలేదు, అది అర్థం కాలేదన్నవారూ లేరు. ‘ముద్దయీ’ విషయంలో అనువాదకుడు చేయవలసినది కూడా చిన్న పనే: ‘ఫిర్యాది’ అని వ్రాసి, పక్కన ఆ మనిషి పేరు మరొకసారి వ్రాయడం.